చిన్న ఆనకట్ట ఇచ్చిన వెలుగు



స్విచ్చి నొక్కితే దీపం, పిండి రుబ్బాలంటే గ్రైండరు. కరెంటు పోయినప్పుడు తప్ప దాని సంగతి మనకి గుర్తే రాదు. నీటితో కరెంటు అనగానే కొండంత డ్యాములే కళ్ళముందు మెదులుతాయి. కాని మన దేశపు తొలినాటి జలవిద్యుత్ కేంద్రాల్లో ఒకదానికి పొట్టి రాతి ఆనకట్టే సరిపోయింది. అది కర్ణాటకలో, కావేరి మీద ఉన్న శివసముద్రం. నాటి మైసూరు సంస్థానం 1902లో అక్కడ కరెంటు తీయడం మొదలుపెట్టింది.

ఎలాగంటారా? మేడమీద ట్యాంకు ఉంటే కింద కుళాయి జోరుగా వస్తుంది కదా! ఆ జోరు ట్యాంకు ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కాదు, ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. శివసముద్రంలో ఆ ఎత్తు జలపాతమే ఇచ్చింది, సుమారు 400 అడుగులు. అందుకని జలపాతానికి ఎగువన నదికి అడ్డంగా రాళ్ళు పేర్చి కట్టి, కొంత నీటిని కాలువలోకి మళ్ళించారు. కాలువ చివర లావుపాటి ఇనుప గొట్టాల్లోంచి నీళ్ళు దిగువకి దూకి టర్బైను చక్రాలను తిప్పుతాయి. వాటితోపాటు జనరేటరు తిరిగి కరెంటు పుడుతుంది. నీళ్ళేమీ ఖర్చయిపోవు, మళ్ళీ నదిలోనే కలుస్తాయి.

ఆ కరెంటు మొదట ఎవరింటికి వెళ్ళిందనుకున్నారు? ఎవరింటికీ కాదు! దాదాపు 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకి. బెంగుళూరు వీధుల్లో ఆ దీపాలు వెలిగింది 1905లో. ఈ పథకానికి పట్టుబట్టిన దివాన్ శేషాద్రి అయ్యర్ గారు 1901లోనే కన్నుమూశారు. తీగల్లో కరెంటు పారడం ఆయన చూడనేలేదు.

అయితే చిన్న ఆనకట్టకి ఒక లోపం ఉంది. అది నీటిని మళ్ళిస్తుందే గాని దాచలేదు. వానాకాలం నీళ్ళు పొర్లిపోతాయి, ఎండాకాలం నది సన్నబడితే చక్రాలు నీరసిస్తాయి. కుళాయి వచ్చే వేళ తొట్టి నింపుకోకపోతే మధ్యాహ్నం అంట్లు ఎలా తోముకుంటాం? అందుకే ఎగువన కృష్ణరాజసాగరం కట్టడం 1911లో మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు అప్పుడు మైసూరులో చీఫ్ ఇంజనీరు. సిమెంటు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్ఖీతో కట్టిన రాతి డ్యాము అది. వానాకాలపు నీటిని దాచి, ఎండల్లో కొంచెం కొంచెంగా వదలడం దాని పని. పొలాలకీ అవే నీళ్ళు, శివసముద్రం చక్రాలకీ అవే నీళ్ళు.

కోలారు గనులు 2001లో మూతబడ్డాయి. శివసముద్రంలో చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాని అవి తిరగాలంటే ఏటా వాన కురవాలి, ఆ నీళ్ళు ఎండాకాలం దాటేదాకా సరిపోవాలి. ఈసారి ఎవరూ లేని గదిలో దీపం కనిపిస్తే ఆర్పేయండి. ఎక్కడో దాచిన నీళ్ళు కాసిని రేపటికి మిగులుతాయి.