క్యాబేజీ తోటకు అడ్వాన్సు ఇచ్చే ముందు వేరు చూడాలి

నీలగిరి క్యాబేజీ లోడు మెట్టుపాళయంలో దిగినప్పుడు వర్తకుడు చూసేది గడ్డ బరువు, బిగువు, ఆకు నిగారింపు. వేరు ఆయన కంట పడదు. కోతలోనే తెగి పొలంలో ఉండిపోతుంది. తోటల మీద ముందుగా డబ్బు పెట్టే వ్యాపారస్తులను ముంచేది మాత్రం ఆ వేరే.

క్లబ్ రూట్ తెగులు సోకిన మొక్క వేళ్లు గదల మాదిరి ఉబ్బిపోతాయి. మధ్యాహ్నం ఎండకు మొక్క వాడి, రాత్రికి తేరుకుంటుంది. నీరు చాలలేదనుకుని రైతు మరొక తడి పెడతాడు. ఆ తడి తెగులుకే లాభం. తీరా కోతకు వచ్చేసరికి గడ్డలు చిన్నవై ఉంటాయి, కొన్ని మొక్కలు అసలు గడ్డే కట్టవు.

దీనికి కారణమైన సూక్ష్మజీవిని సెంట్‌పీటర్స్‌బర్గ్ క్యాబేజీ తోటలు దెబ్బతిన్నప్పుడు వోరోనిన్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1878లో వెల్లడించాడు. ఉబ్బిన వేరు కుళ్లితే దాని బీజాలు మట్టిలో కలుస్తాయి. అవి పూర్తిగా నశించడానికి 17 ఏళ్లు పట్టవచ్చునని స్వీడన్‌లో లెక్క కట్టారు. క్యాబేజీ తీసి కాలీఫ్లవరో, నూల్‌కోలో, ముల్లంగో, ఆవాలో వేస్తే పంట మార్చినట్టు కాదు. అన్నీ ఒకే కుటుంబం, అన్నిటికీ ఇదే తెగులు.

కొండ మీద పంట మార్చాలంటే బంగాళాదుంప, క్యారెట్, వెల్లుల్లి ఉన్నాయి. కాని బంగాళాదుంపకు నీలగిరిలో వేరే చిక్కు ఉన్నది. 1961లో అక్కడ బంగాళాదుంప వేళ్లపై నులిపురుగు బయటపడినది. దాన్ని తగ్గించడానికి రైతుకు చెప్పిన మార్గాల్లో బంగాళాదుంప మాని క్యాబేజీ వంటివి వేయడం ఒకటి! ఒక తెగులు నుండి తప్పించుకున్న పొలం రెండవదాని నోట పడే ప్రమాదం ఇక్కడ ఉన్నది. మిగిలేవి క్యారెట్, వెల్లుల్లి. వాటి ధర పడిపోయిన ఏడాది రైతు మళ్లీ క్యాబేజీకే వస్తాడు. ఈ విషయంలో రైతును తప్పు పట్టలేము.

ఈ తెగులు పుల్లని నేలలో, చల్లని తేమలో విజృంభిస్తుంది. కొండ నేలలు పుల్లనివే. మట్టి పరీక్ష చేయించి, నాటడానికి కొన్ని వారాల ముందే సున్నం కలిపి పి.హెచ్. 7.2 దాటిస్తే ఉధృతి తగ్గుతుంది, సమూలంగా పోదు. ఎకరాకు టన్నుల లెక్కన పట్టే ఖర్చు ఇది. అడ్వాన్సు ఇచ్చేవారు ఆ సొమ్ములో కొంత సున్నానికే అని షరతు పెట్టుకోవడం మంచిది.

తట్టుకునే రకం విత్తనం ఉన్నదంటే పూర్తిగా నమ్మరాదు. కెనడాలోని ఆల్బెర్టాలో ఆవ జాతి నూనెగింజ కానోలాకు ఈ తెగులు 2003లో కనబడినది. 2009లో తట్టుకునే రకం వచ్చింది. 2013కల్లా దాన్నీ లొంగదీసుకునే తెగులు వంగడం పొలాల్లో దొరికింది.

మన మైదానాల నల్లరేగళ్లు ఈ తెగులుకు అంతగా అనుకూలించవు. పుల్లని ఎర్ర నేలలున్న మన్యం ప్రాంతాలకు మాత్రం కొండ తోటల నారు తీసుకుపోరాదు. తెగులు ముఖ్యంగా ప్రయాణం చేసేది మట్టితోనే. నారు వేళ్లకు, చెప్పులకు, లారీ చక్రాలకు అంటిన మట్టి చాలు. ఒక తోటలో నింపిన గోనె సంచులను దులపకుండా మరొక తోటకు పంపడం మన వర్తకంలో మామూలే. ఇది మానుకోవలసిన అలవాటు.

తోట చూడబోయేవారు మిట్టమధ్యాహ్నం వెళ్లాలి. వాడినట్టున్న మొక్కలు ఓ పది పీకించి వేళ్లు కడిగి చూడాలి. పూసల్లా చిన్న బుడిపెలుంటే నులిపురుగు కావచ్చు, దానికి సున్నం పనిచేయదు. వేళ్లు లావుగా, వంకరగా కలిసిపోయి ఉబ్బి ఉంటే క్లబ్ రూట్. అటువంటి తోటను ఎకరాల లెక్కన గుత్తకు మాట్లాడుకోకుండా, కోసిన సరుకు తూకం మీదనే బేరం కుదుర్చుకోవాలి. పీకిన వేళ్లను గట్టు మీద పారేయక కాల్పించాలి.