ఆట తేదీ, పండుగ తేదీ, రైలు బెర్తు: ఉధ్నా చెప్పే మూడు లెక్కలు

ఉధ్నా (సూరత్): ముంబయి నుంచి అహ్మదాబాద్ వైపు వెళ్లే ప్రధాన రైలు మార్గంలో సూరత్‌కు కొద్ది కిలోమీటర్ల ముందు వచ్చే జంక్షన్ ఉధ్నా. తపతీ లోయ మీదుగా జల్‌గావ్, భుసావల్ వెళ్లే మార్గం ఇక్కడే చీలుతుంది. క్రీడాపోటీలు చూసేందుకు అహ్మదాబాద్ వెళ్లే అభిమానుల రైళ్లు ఈ స్టేషన్ మీదుగానే సాగుతాయి. పండుగకు సొంత ఊరు చేరాలనుకునే మరమగ్గాల కార్మికులు వరుసలు కట్టేదీ ఇక్కడే.

పైకి చూస్తే ఈ ఇద్దరికీ పోలిక లేదు. ఒకరిది వినోదం, మరొకరిది అవసరం. అయితే రైల్వే దృష్టిలో ఇద్దరి సమస్యా ఒకటే. వేలమంది ఒకే చోటికి, ఒకే తేదీలోగా చేరాలి. ఒక రోజు ఆలస్యమైతే ఆ ప్రయాణానికి అర్థమే ఉండదు. అభిమాన జట్టు మరో నగరంలో ఆడుతుంటే రైల్లో వెళ్లి చూడటం ఎందుకు అంత కష్టమో అర్థమైతే, ఉధ్నాలో ఏటా కనిపించే రద్దీకి కారణమూ కొంతవరకు బోధపడుతుంది.

ఫైనల్‌కు నాలుగు రోజులే గడువు

ఇండియన్ సూపర్ లీగ్ 2021-22 సీజన్ ఇందుకు మంచి ఉదాహరణ. కరోనా కారణంగా ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. ఫైనల్‌కు మాత్రం అభిమానులను అనుమతించారు. వేదిక మడ్గావ్‌లోని ఫతోర్దా మైదానం, తేదీ 2022 మార్చి 20.

ఫైనల్ తేదీ ముందే తెలుసు. ఆడేది ఎవరన్నదే తెలియదు. కేరళ బ్లాస్టర్స్ మార్చి 15న, హైదరాబాద్ ఎఫ్‌సీ మార్చి 16న సెమీఫైనల్ రెండో అంచె ముగించుకుని ఫైనల్ చేరాయి. అంటే హైదరాబాద్ అభిమానికి దక్కిన వ్యవధి నాలుగు రోజులు. అప్పట్లో రిజర్వేషన్ 120 రోజుల ముందే మొదలయ్యేది. నాలుగు రోజుల ముందు మేల్కొన్నవారికి సాధారణంగా మిగిలేవి వెయిటింగ్ లిస్ట్, ప్రయాణానికి ముందురోజు తెరుచుకునే తత్కాల్ కోటా, లేదంటే రోడ్డు మార్గం. సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామాకు వారానికి రెండుసార్లు నడిచే రైలు 2024లో గానీ అందుబాటులోకి రాలేదు.

కేరళ నుంచి వేలాది మంది గోవా చేరారు. రోడ్డు మీద బయలుదేరిన వారిలో ఇద్దరు యువకులు కాసరగోడ్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో మరణించారు. వారు ఎక్కిన ద్విచక్ర వాహనాన్ని లారీ ఢీకొంది. ఆ రాత్రి మ్యాచ్ 1-1తో సమమై, పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ 3-1తో గెలిచి తొలిసారి విజేతగా నిలిచింది. ఆ విజయాన్ని ప్రత్యక్షంగా చూసిన తెలుగువారికంటే టీవీలో చూసినవారే ఎక్కువ కావడానికి అభిమానం లోపించడం కారణం కాదు. క్రీడా షెడ్యూలు, రైల్వే రిజర్వేషన్ ఒకదానితో ఒకటి పొసగకపోవడమే అసలు చిక్కు.

తేదీయే మారితే?

జట్లు తెలిసి తేదీ మారినా ఇదే ఇబ్బంది. 2023 క్రికెట్ ప్రపంచకప్ షెడ్యూలు ఆ ఏడాది జూన్ 27న వెలువడింది. భారత్, పాకిస్థాన్ మ్యాచ్ అహ్మదాబాద్‌లో అక్టోబరు 15న అని ప్రకటించారు. ఆగస్టు 9న మొత్తం తొమ్మిది మ్యాచ్‌ల తేదీలను లేదా వేళలను సవరించారు. అహ్మదాబాద్ మ్యాచ్ అక్టోబరు 14కు మారింది. 15న నవరాత్రులు మొదలవుతుండటమే ఇందుకు కారణమని వార్తలు వచ్చాయి. హైదరాబాద్‌లో పాకిస్థాన్, శ్రీలంక పోటీ కూడా 12 నుంచి 10వ తేదీకి జరిగింది.

అప్పటి 120 రోజుల నిబంధన ప్రకారం, ఆ నడుమ రైలు టికెట్ కొన్నవారు దానిని రద్దు చేసుకుని మళ్లీ వరుసలో నిలవాల్సి వచ్చింది. రద్దు చేస్తే రుసుము కోత, కొత్త టికెట్‌కు వెయిటింగ్ లిస్ట్. చివరకు పశ్చిమ రైల్వే ముంబయి నుంచి ప్రత్యేక రైళ్లు నడిపింది. ముందురోజు రాత్రి బయలుదేరి మ్యాచ్ రోజు ఉదయానికి అహ్మదాబాద్ చేరేలా, ఆట ముగిశాక తెల్లవారకముందే తిరుగు ప్రయాణమయ్యేలా వేళలు నిర్ణయించారు. ఆ రైళ్లు సాగింది ఉధ్నా మీదుగానే.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు?

రైల్లో వెళ్లి ఫుట్‌బాల్ చూడటం యూరప్‌లో పాత అలవాటు. అయినా కష్టాలు తప్పలేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో సీజన్ మొదలవకముందే మ్యాచ్‌ల పట్టిక వస్తుంది. తర్వాత టీవీ ప్రసారాల కోసం తేదీలు, వేళలు మారుతుంటాయి. వోల్వర్‌హాంప్టన్, చెల్సీ పోటీని 2023లో క్రిస్మస్‌కు ముందురోజైన డిసెంబరు 24కు మార్చారు. 1995 తర్వాత ఆ లీగ్‌లో ఆ తేదీన మ్యాచ్ జరగడం అదే మొదటిసారి. రైళ్లు తొందరగా నిలిచిపోయే రోజు కావడంతో అభిమాన సంఘాలు నిరసన తెలిపాయి. ప్రత్యర్థి మైదానానికి వచ్చే అభిమానుల టికెట్ ధరకు అక్కడ 2016 నుంచి 30 పౌండ్ల పరిమితి ఉంది. రైలు ఛార్జీకి అలాంటి రక్షణ లేదు.

జర్మనీ మరో మార్గం ఎంచుకుంది. 2024 యూరో కప్‌లో మ్యాచ్ టికెట్ ఉన్నవారికి 36 గంటలపాటు స్థానిక రవాణా ఉచితం. దూరప్రాంత రైళ్లలో రాయితీ ఇచ్చారు. ప్రణాళిక బాగున్నా రైళ్లు ఆలస్యమయ్యాయి. టోర్నీ డైరెక్టర్, మాజీ కెప్టెన్ ఫిలిప్ లామ్ స్వయంగా రైల్లో చిక్కుకుని, డ్యూసెల్‌డార్ఫ్‌లో స్లొవాకియా, ఉక్రెయిన్ మ్యాచ్ ఆరంభానికి చేరుకోలేకపోయారు. టికెట్ల సమస్య తీరినా, పట్టాల మీద రద్దీ తీరకపోతే ఫలితం ఉండదని ఆ ఘటన తేటతెల్లం చేసింది.

ఉధ్నాలో తేడా ఏమిటి?

ఆటకు వెళ్లేవారికి కనీసం ఒక సాకు ఉంది. ఫైనల్ ఎవరు ఆడతారో ముందుగా ఎవరూ చెప్పలేరు. దీపావళి ఎప్పుడో, సంక్రాంతి ఎప్పుడో పంచాంగం ఏడాది ముందే చెబుతుంది. అయినా ఉధ్నాలో రద్దీ ఏటా కొత్త సమస్యలాగే ఎదురవుతోంది.

సూరత్‌లోని మరమగ్గాలు, వస్త్ర పరిశ్రమ దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికుల మీద ఆధారపడ్డాయి. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో తరాలుగా నివసిస్తున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడపడం ఈ స్థిరనివాసానికి నిదర్శనం. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వారి సంఖ్య ఇంకా ఎక్కువ. దీపావళికి మార్కెట్లు, మగ్గాలు ఒకేసారి మూతపడతాయి. సెలవు మొదలయ్యే రోజు అందరికీ ఒకటే. వెళ్లాల్సిన రైళ్లు మాత్రం కొన్నే.

దీని పర్యవసానం 2023 నవంబరు 11న తెలిసింది. దీపావళికి ముందురోజు సూరత్ స్టేషన్‌లో బిహార్ వెళ్లే రైలు ఎక్కే ప్రయత్నంలో జరిగిన తొక్కిసలాటలో ఒక ప్రయాణికుడు మరణించాడు. పలువురు స్పృహ కోల్పోయారు. మరుసటి ఏడాది పండుగ రోజుల్లో సూరత్, ఉధ్నా, పట్నా, న్యూఢిల్లీ స్టేషన్ల వెలుపల వేచి ఉండే ప్రాంగణాలు ఏర్పాటు చేసి, రైలు వచ్చాకే ప్రయాణికులను ప్లాట్‌ఫాం మీదకు పంపారు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్‌లో 18 మంది మరణించిన తర్వాత, దేశంలోని 73 స్టేషన్లలో ఇలాంటి శాశ్వత ప్రాంగణాలు నిర్మిస్తామని రైల్వే శాఖ ప్రకటించింది.

ప్రాంగణం ప్రాణాలు కాపాడుతుంది. బెర్తు మాత్రం ఇవ్వదు. 2025 అక్టోబరులోనూ ఉధ్నా స్టేషన్ బయట జనరల్ బోగీల కోసం పొడవైన వరుసలు కనిపించాయి.

60 రోజుల లెక్క

ముందస్తు రిజర్వేషన్ గడువును రైల్వే 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. ప్రయాణ తేదీని ఇందులో లెక్కించరు. ఉదాహరణకు జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. ముందురోజు రాత్రి వేరే స్టేషన్‌లో బయలుదేరి అర్ధరాత్రి దాటాక సూరత్ చేరే రైలుకు, అది మొదట బయలుదేరిన తేదీ నుంచే లెక్క కట్టాలి. ఈ చిన్న తేడా తెలియక ఒక రోజు ఆలస్యంగా ప్రయత్నించేవారికి బెర్తు దక్కడం కష్టం.

కొత్త గడువు ఆటల అభిమానికి కొంత మేలు చేసింది. తేదీ మారితే నష్టపోయే అవకాశం తగ్గింది. మగ్గం కార్మికునికి మాత్రం దానివల్ల అదనపు సీటు రాలేదు. పోటీ పడే రోజు మారిందంతే. 2025 జూలై నుంచి తత్కాల్‌కు, అక్టోబరు నుంచి సాధారణ బుకింగ్ తొలి సమయానికి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. దళారులను అడ్డుకోవడం దీని ఉద్దేశం. ఉదయం 8 గంటలకు మగ్గం ముందు నిలబడి ఉన్న మనిషికి ఆ తొలి సమయం ఎంతవరకు అందుతుందన్నది వేరే ప్రశ్న.

సామర్థ్యం పెరిగిన సందర్భం కూడా ఉంది. 2025 సెప్టెంబరు 27న ప్రధాని నరేంద్ర మోదీ ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రారంభించిన ఉధ్నా, బ్రహ్మపుర అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ బోగీలు లేవు. అన్నీ స్లీపర్, జనరల్ తరగతులే. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస మీదుగా వెళ్లే ఈ రైలు ఉత్తరాంధ్ర కార్మికులకు నేరుగా ఉపయోగపడుతుంది. వరంగల్ వైపు వెళ్లేవారికి అహ్మదాబాద్ నుంచి సూరత్ మీదుగా చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ పాత ఆధారం.

మూడు పట్టికలు కలిస్తేనే

తేదీని నిర్ణయించేవారు ఒకరు, టికెట్ అమ్మేవారు ఒకరు, రైలు నడిపేవారు ఒకరు. ఈ ముగ్గురి పట్టికలు కలవనప్పుడు భారం ప్రయాణికుని మీద పడుతుంది. క్రీడల విషయంలో చేయవలసింది స్పష్టమే. తేదీలను 60 రోజులకు ముందే ఖరారు చేయాలి. నాకౌట్ మ్యాచ్‌లకు ప్రత్యేక రైళ్లను ముందే సిద్ధంగా ఉంచాలి.

ఉధ్నా విషయంలో అదీ అవసరం లేదు. తేదీ తెలుసు, గమ్యం తెలుసు, మగ్గాలు మూతపడే రోజు కూడా తెలుసు. పండుగ ప్రత్యేక రైళ్లను బుకింగ్ మొదలయ్యే 60వ రోజుకు ముందే ప్రకటించడం, వాటిలో జనరల్ బోగీలు పెంచడం, వస్త్ర సంఘాలు సెలవులను విడతలుగా ఇవ్వడం రద్దీని గణనీయంగా తగ్గించగల చర్యలు. మ్యాచ్ తప్పిపోయిన అభిమాని వచ్చే సీజన్ కోసం ఎదురుచూడగలడు. ఏడాదికి ఒక్కసారి ఇంటికి వెళ్లే కార్మికునికి, తప్పిన రైలంటే మరో ఏడాది ఎడబాటు.