దండెం మీద దానికీ చోటివ్వండి

ఖోఖోలో మా మేనకోడల్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదని వాళ్ళ బళ్ళో చెప్పుకునేవారు. అటువంటి పిల్ల ఎనిమిదో తరగతి మధ్యలో వున్నట్టుండి ఆట మానేసింది. "చదువు బరువైందిలే" అంది మా వదిన. "ఎండకు తట్టుకోలేక కాబోలు" అన్నాడు మా అన్నయ్య. పిల్ల మాత్రం ఏమీ అనలేదు. మరుసటి సంక్రాంతి సెలవులకు విజయవాడలో మా యింటికి వచ్చింది. రాత్రి దీపం ఆర్పేశాక, గోడవైపు తిరిగి పడుకుని మెల్లిగా చెప్పింది:

"పరిగెత్తితే నొప్పేస్తోందత్తా. అందరూ అటే చూస్తున్నారు."

ఆ రెండు ముక్కలూ పైకి రావడానికి ఏడాది పట్టింది. నాకు సిగ్గు వేసింది. ఆ మాట విన్నందుకు కాదు. ప్రబంధ నాయికల వర్ణనలు తడుముకోకుండా పాఠం చెప్పే నేను, మా యింటి పిల్లకు వొంటి మీది గుడ్డ గురించి నాలుగు మాటలు చెప్పలేకపోయానే అని.

మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని బీసెంటు రోడ్డుకు వెళ్ళాను. కొట్లో వున్న అమ్మాయి "సైజెంతండీ?" అంది. పిల్ల నా మొహం చూసింది. నేను "ముప్ఫై రెండు" అన్నాను. ఎలా చెప్పగలిగానంటారా? నా చిన్నప్పుడు నా గురించి మా అమ్మ కొట్లో అలాగే చెప్పింది గనుక! ఆ అమ్మాయి నవ్వి, మెడలో వేలాడుతున్న టేపు తీసి, "కొలిచి చూద్దామండీ" అంది. తెరచాటున పిల్లను కొలిచింది. అంతటితో ఊరుకోక నన్నూ కొలిచింది. ఇరవై యేళ్ళుగా 36 బి తొడుగుతున్న నేను 34 సి మనిషినట! పరీక్షలో సి గ్రేడు వచ్చిన విద్యార్థినిలా తెల్లమొహం వేశాను. భుజాల మీద గాడులు పడడం, సాయంత్రానికి మెడ పట్టేయడం — ఇవన్నీ నల్లబల్ల మీద రాసి రాసి వచ్చినవనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆనాటి నుంచి తెలుసుకున్న సంగతులు నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు. మగవారు పేజీ తిప్పెయ్యనక్కరలేదు. ఆడపిల్లలున్న యింట్లో తండ్రికి కూడా తెలియదగ్గ విషయమే ఇది.

మాటలకు కరువా?

అమరకోశంలో చోలం వుంది, కూర్పాసకం వుంది. మన కావ్యాల నిండా కంచుకాలూ కుప్పసాలూ వున్నాయి. మా అమ్మమ్మ "బాడీ" అనేది. ఇప్పటి పిల్లలు "బ్రా" అంటున్నారు. ఇన్ని మాటలుండగా, తీరా కొట్లో అడగవలసి వచ్చేసరికి "లోపలివి వున్నాయా?" అంటాం. ఎదురుగా మగవాడు నిలబడితే ఆ మాటా పెగలదు. నోటికి వచ్చిన అంకె చెప్పి, చుట్టి యిచ్చింది పుచ్చుకుని, సంచీ అడుగున దాచుకుని, దొంగసొత్తు మోసుకొస్తున్నట్టు యిల్లు చేరతాం.

ఇప్పటి బ్రాకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర వుంది. మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే అమెరికన్ యువతి ఒక నాట్యవిందుకు వెళ్ళబోతూ, పలచని గౌను కింద గట్టి కార్సెట్టు ఎబ్బెట్టుగా వుందని, రెండు పట్టు చేతిరుమాళ్ళు, కాస్త రిబ్బను కలిపి కుట్టించుకుంది. 1914 నవంబరు 3న దానికి పేటెంటు పుచ్చుకుంది. అంతకు మునుపు ఇటువంటివి లేకపోలేదు. కాని ఆ కథే జనం నోట నిలిచింది. 1930లలో కప్పులకు ఏ, బి, సి, డి అక్షరాలు వచ్చాయి. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రబ్బరులా సాగే దారం తయారుచేశాడు. స్పాండెక్స్ అన్నా, లైక్రా అన్నా అదే. అమ్మమ్మ బాడీ కొలతకు కుట్టిన గుడ్డ. మనది సాగే గుడ్డ. సాగేదానికి కొలతేమిటిలే అనుకుంటాం. పొరపాటు అక్కడే వుంది.

రెండు అంకెలు, ఒక అక్షరం

ఒక టేపు, ఒక అద్దం, గడియ వేసిన తలుపు — ఇవి చాలు.

మొదటి కొలత రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ. టేపు ముందూ వెనకా నేలకు సమంగా వుండాలి. ఊపిరి విడిచి, కాస్త బిగువుగానే కొలవాలి. రెండో కొలత రొమ్ము నిండుగా వున్నచోట, టేపు నొక్కుకోకుండా. మెత్త లేని పలచని బ్రా వేసుకుని కొలుచుకుంటే లెక్క తప్పదు.

మన కొట్లలో వాడుకలో వున్న లెక్క ఇది: మొదటి కొలత అంగుళాల్లో సరిసంఖ్య అయితే 4, బేసిసంఖ్య అయితే 5 కలపాలి. అది పట్టీ సైజు. నిండు కొలతలోంచి దాన్ని తీసివేయగా మిగిలింది ఒక అంగుళమైతే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. నా కొలత కింద 30. నాలుగు కలిపితే 34. నిండు కొలత 37. తేడా మూడు. కనుక 34 సి. అయితే కొన్ని కంపెనీలవారు ఏమీ కలపరు. కొన్ని విదేశీ రకాల మీద 34కు బదులు 75 అని వుంటుంది. అది సెంటీమీటర్ల లెక్క. అందుచేత ఏ కంపెనీది కొంటే ఆ కంపెనీ పట్టిక చూసుకోవాలి. ఎంత చూసినా టేపు చెప్పేది పెళ్ళిచూపుల మాట. కాపురం సంగతి తొడిగితేనే తెలుస్తుంది.

ఇందులో ఒక కిటుకు వుంది. అక్షరం ఒక్కటే ఏమీ చెప్పదు. 32 సి, 34 బి, 36 ఏ — మూడింటి కప్పులూ సమానమే. పట్టీ ఒక సైజు తగ్గితే అక్షరం ఒకటి పెరుగుతుంది. అలాగే నా పాత 36 బి కప్పూ, కొత్త 34 సి కప్పూ ఒకటే. నాకు తప్పింది కప్పు కాదు, పట్టీ. బరువులో ఎక్కువ పాలు మోయవలసింది ఒంటి చుట్టూ వుండే ఆ పట్టీ. అది వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది. కావడి మోసినట్టు ఇరవై యేళ్ళు భుజాలతో మోశాను!

అద్దం ముందు పరీక్ష

కొత్తదాన్ని అన్నిటికంటే వదులుగా వుండే హుక్కుకు తగిలించి చూడాలి. వాడగా వాడగా ఎలాస్టిక్ సాగుతుంది. అప్పుడు లోపలి హుక్కులు పనికివస్తాయి. మొదటిరోజే లోపలి హుక్కు పెట్టవలసి వస్తే అది మీది కాదు. కాస్త ముందుకు వంగి తొడుక్కుని, చంక పక్కనుంచి చేత్తో సర్దుకుని, అప్పుడు అద్దంలో చూడండి.

వెనక పట్టీ ముందుదానికి సమంగా వుందా, వీపు మీదికి పాకుతోందా? పాకితే వదులు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, పిడికిలి దూరకూడదు. భుజం పట్టీ జారకూడదు, కోయకూడదు. కప్పు పైన పొంగితే చిన్నది, ముడతలు పడితే పెద్దది. తీగ వున్న రకమైతే ఆ తీగ పక్కటెముకల మీద ఆనాలి గాని రొమ్మును గుచ్చకూడదు. ఆ తరువాత చేతులు పైకెత్తండి, వంగండి, కుర్చీలో కూర్చోండి. నిలబడినప్పుడు బాగుంటే చాలదు. మనం రోజంతా నిలబడే వుండం గదా.

రెండు పక్కలూ కాస్త హెచ్చుతగ్గులుగా వుంటే కంగారు పడవద్దు. చాలామందికి అంతే. పెద్దదానికి సరిపోయేది కొని, రెండోవైపు పట్టీ కొంచెం బిగించుకుంటే సరి. ఇంకొక మాట: టైలరుకు పాత ఆది జాకెట్టు ఇచ్చి ఊరుకోకండి. కొత్త బ్రా తొడుక్కుని మళ్ళీ కొలత ఇవ్వండి. లేకపోతే "ఈ బ్రా బాగాలేదు" అని జాకెట్టు తప్పును దాని మీద రుద్దుతారు.

ఆటకు వేరే

మా పిల్ల సంగతికి వస్తాను. పరిగెత్తే పిల్లకు మామూలు బ్రా చాలదు. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే ఆమె పరుగుకు వెళ్ళి ఇదే బాధపడింది. ఇద్దరు స్నేహితురాళ్ళు సాయంపట్టగా, మగ క్రీడాకారులు కట్టుకునే గోచీపట్టీలు రెండు కలిపి కుట్టి, మొదటి స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. 2016లో ఇంగ్లండులో రెండువేల పైచిలుకు బడిపిల్లలను అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. దాదాపు సగంమంది రొమ్ముల మూలంగా తమ ఆటలకు ఇబ్బంది కలుగుతోందన్నారు. అంటే మా పిల్ల ఒంటరిది కాదు. ఆ సంగతి చెపితే దాని మొహం సగం తేటపడింది.

కొట్లో అమ్మాయి స్పోర్ట్స్ బ్రా ఇచ్చి, "లోపల నాలుగు గంతులు వేసి చూడమ్మా" అంది. తెర వెనకనుంచి ధబధబమని శబ్దం, ఆ వెనక ఒక నవ్వు వినబడ్డాయి.

కొలత మారుతుంది

అమ్మ చెప్పిన అంకె జన్మనక్షత్రం కాదు, జీవితాంతం వుండడానికి. ఒళ్ళు చేసినా, చిక్కినా, కడుపుతో వున్నా, పాలిస్తున్నా, ముట్లు ఆగిపోయినా మారుతుంది. ఏడాదికొకసారి కొలుచుకోవడం మంచిది. పాలిచ్చే తల్లి బిగుతైనవి తొడిగితే పాలు గడ్డకట్టే ప్రమాదం వుంది. ముందు తెరుచుకునే మెత్తని రకం వాడాలి. పాలివ్వడం వల్ల రొమ్ములు జారతాయన్న మాట నమ్మకండి. వయసు, కాన్పుల సంఖ్య, బరువు, పొగతాగడం — వీటి ప్రభావమే గాని, పాలిచ్చినందువల్ల కాదని పరిశీలించినవారు తేల్చారు. బ్రా తొడిగితే కాన్సరు వస్తుందన్న పుకారూ అటువంటిదే. 2014లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు, ముట్లు ఆగిన స్త్రీలు సుమారు పదిహేనువందల మందిని విచారించి, రెంటికీ సంబంధం కనబడలేదన్నారు.

నిజంగా చూసుకోవలసింది వేరే వుంది. మా పెద్దమ్మకు ఒకవైపు కప్పు మాత్రం బిగుసుకుంటూ వచ్చింది. ఎవరితోనూ అనలేదు. పెద్దది కొనుక్కుంది. ఏడాది తరువాత చంక దగ్గర గడ్డ చేతికి తగిలితే గాని డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. ఒక రొమ్ము తీసివేయవలసి వచ్చింది. ఇప్పుడు కులాసాగానే వుంది. ఇటువంటివారి కోసం లోపల జేబు కుట్టిన బ్రాలు దొరుకుతాయి. అందులో కృత్రిమ రొమ్ము అమర్చుకుంటారు. అది సర్దుకుంటూ ఒకనాడు నాతో అంది: "ఆ ఏడాది సిగ్గు ఖరీదే అమ్మాయ్, ఇది." గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రసి కారినా, ఒక పక్క ఆకారం మారినా వెంటనే చూపించుకోవాలి. చాలా గడ్డలు కాన్సరు కావు. ఆ మాట డాక్టరు చెప్పాలి. మనకు మనం చెప్పుకోరాదు.

ఉతుకూ, ఆరవేతా

మూడు వుంటే ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి బీరువాలో వుంటాయి. విశ్రాంతి యిస్తే ఎలాస్టిక్ తిరిగి బిగుసుకుంటుంది. చన్నీళ్ళలో, తేలిక సబ్బుతో, చేత్తో ఉతకాలి. బండ మీద బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు. తువ్వాలులో చుట్టి అదిమితే నీరు పోతుంది. బ్లీచింగు నీళ్ళు బొత్తిగా పనికిరావు. సాగే దారాన్ని క్లోరిన్ తినేస్తుంది. మిషనులో వేయక తప్పకపోతే హుక్కులు పెట్టి, వల సంచీలో వేయండి. భుజం పట్టీ పట్టుకుని వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. మధ్యభాగం దండెం మీద వుండేట్టు, గాలి తగిలే నీడలో ఆరవేయాలి. ఆఖరి హుక్కుకు కూడా వదులైననాడు దాని రుణం తీరిపోయిందన్నమాట.

ఇక ఆరవేయడంలో మా అత్తగారిది ఒక శాస్త్రం. దండెం మీద ముందు బ్రా, దాని పైన తువ్వాలు, దాని పైన లంగా. మా మామగారి పంచె మాత్రం వీధిలోకి జెండాలా ఎగురుతూ వుండేది! ఒక వానాకాలం ఆవిడకు రొమ్ముల కింద ఎర్రగా కంది, ఒరిసి, మంట పుట్టింది. రెండు నెలలు పౌడరు చల్లుకుంటూ ఎవరికీ చెప్పలేదు. చివరికి చర్మవైద్యురాలు చూసి, ఇది ఫంగస్ అని మందు రాసి, "బట్ట పూర్తిగా ఆరాకే తొడుక్కోండమ్మా" అంది. తడి, వేడి, చీకటి ఒకచోట చేరితే బూజుకు పండగ గదా. ఇంటికి రాగానే మా అత్తగారు పెరట్లోకి వెళ్ళి దండెం మీది తువ్వాలు తీసి పక్కన వేశారు. ఆవిడ నోటితో ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆదివారం మేనకోడలు ఫోను చేసింది. మళ్ళీ ఖోఖో ఆడుతోంది. "గెలిచారా?" అని అడిగాను. "లేదత్తా, మొదటి ఆటలోనే ఓడిపోయాం. కాని నన్ను మాత్రం ఎవరూ పట్టుకోలేకపోయారు" అంది. ఇంతలో మా వదిన ఫోను అందుకుంది. ఊరి సంగతులన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "ఈసారి నేనొచ్చినప్పుడు నన్నూ ఆ కొట్టుకు తీసుకెళ్ళు" అంది.

"ఏ కొట్టుకు?" అన్నాను, కావాలనే.

ఒక క్షణం ఆగి, "బ్రాలు కొనే కొట్టుకు" అంది మా వదిన.