ముప్పదియైదేండ్ల కొలువు – ఒక్కనాటి సంకల్పము



ఈ నడుమ ఉపన్యాసము ముగిసిన పిమ్మట నన్ను కలిసికొను యువకులలో పలువురు మోక్షమును గూర్చి గాని, ముహూర్తములను గూర్చి గాని అడుగుట లేదు. "అయ్యా, నాకిప్పుడు ఇరువదియైదేండ్లు. అరువది నిండువరకు ఈ కొలువు చేయవలసినదేనా? ఆ ఏండ్లన్నియు తలచుకొన్న ప్రాణము సోలిపోవుచున్నది" అని అడుగుచున్నారు. వీరు సోమరులు కారు. తెల్లవారగనే బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరువారు, తల్లిదండ్రులను పోషించువారు. "మా కాలమున ఇట్టి మాట వినలేదు" అని కొందరు పెద్దలు కసరుకొందురు. అది తగదు. ఆ ప్రశ్నలో నిజమైన బాధ కలదు.

పైగా ఆ గట్టు కూడ ఒకచోట నిలుచుట లేదు. ఆంధ్రదేశమున 1983లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు దింపిరి, తరువాత మరల 58 చేసిరి. కేంద్రమున 1998లో 60 అయినది. ఆంధ్రప్రదేశమున 2014లో 60, 2022లో 62 అయినది. తెలంగాణమున 2021లో 61 చేసిరి. ప్రైవేటు కొలువుల వారికి ఆ నాటివరకు కొలువు నిలుచునో లేదో తెలియదు. కావున "విరమణనాడు సుఖపడుదును" అనుకొనువాడు తన సుఖమును ఒక జీ.ఓ. కాగితమునకు కట్టివేయుచున్నాడు.

ముందుగా మాటల అర్థము చూతము. ఉద్యోగమనగా నెలజీతము కాదు, పూనిక, ప్రయత్నము. భారతములోని ఉద్యోగపర్వమున ఎవ్వరును జీతమునకు కుదురలేదు గదా! అట్లే "ఆశ్రమము" అనగా చెట్లనీడన కూర్చుండు చోటని మనవారు తలంతురు. అది శ్రమ్ ధాతువునుండి పుట్టిన మాట. బ్రహ్మచారికి ఒక శ్రమ, గృహస్థునకు ఒక శ్రమ, వానప్రస్థునకు వేరొక శ్రమ. శ్రమ లేని ఆశ్రమము నాలుగింటిలో ఒక్కటియు లేదు. విశ్రాంతి అను మాట కూడ ఆ ధాతువునుండియే వచ్చినది. శ్రమించిన వానికే విశ్రాంతి.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఇంత దీర్ఘకాలమును మనస్సు ఎట్లు మోయవలెను? మన పూర్వులు దీనికొక ఉపాయమును నిత్యము మన నోటనే పలికించుచున్నారు. పూజకు ముందు సంకల్పము చెప్పుకొందుము గదా. అది ఎచ్చట మొదలగును? బ్రహ్మగారి ఆయుర్దాయములో రెండవ సగమున. అచ్చటినుండి శ్వేతవరాహకల్పము, వైవస్వత మన్వంతరము, 4,32,000 ఏండ్ల కలియుగము, అందు ప్రథమపాదము. తరువాత సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, చివరకు నేటి తిథి, నేటి వారము. అంత మహాకాలమును స్మరించినది దేనికి? ఈ తిథినాడు ఈ ఒక్క కర్మ చేయుదునని చెప్పుటకు! రేపటి పూజకు నేడు సంకల్పము లేదు. వచ్చు ముప్పదియైదేండ్ల పూజలకును లేదు. పెద్దకాలమును కనులార చూచి, చేతిలోనికి ఒక్కదినమునే తీసికొనుట అందలి మర్మము.

అగ్నిహోత్రమును చూడుడు. సాయంప్రాతఃకాలముల రెండు వేళల హోమము, అదియు జీవించినన్నాళ్లు. ఈ సత్రమునుండి విడుదల ముసలితనము వలననో మృత్యువు వలననో మాత్రమేనని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. లెక్కించిన, ఏడాదికి 730 హోమములు, నలువదేండ్లకు 29,200! ఈ లెక్క వేసికొని కూర్చున్నవాడు అగ్నిని వెలిగింపలేడు. సాయంకాలమున అగ్నికి, ప్రాతఃకాలమున సూర్యునకు ఆహుతులిచ్చి లేచును. ఆ వేళ పని ఆ వేళతో పూర్తియైనది. మిగిలిన 29,199 వాని భుజముమీద లేవు.

పాఠశాలలో కూడ ఇంతే. మా తైత్తిరీయశాఖలో సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10, మొత్తము 82 పన్నములు. ఎనిమిదేండ్ల పిల్లవానిని కూర్చుండబెట్టి ఇదంతయు ముందుగా చెప్పినచో ఆ రాత్రియే గోడదూకును! గురువుగారు నాలుగు మాటలు సంథ చెప్పుదురు, వాడు తిరిగి చెప్పును. మరియొక సంగతి కలదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమ, అమావాస్యలు అనధ్యాయములు. అనగా నెలకు సుమారు ఎనిమిది దినములు క్రొత్త పాఠము నిషిద్ధము. అది గురువు దయతో ఇచ్చు సెలవు కాదు, శాస్త్రము విధించిన నియమము. కొలువు చేయువారు ఆదివారమునాడును ఫోనులో కచ్చేరీ పని చేయుటను గొప్పగా చెప్పుకొనుట నాకు వింతగా తోచును.

"పని నాకు ఇష్టము లేదే" అందురా? ఇష్టమున్నట్లు నటింపుడని శాస్త్రము అడుగలేదు. అరణ్యపర్వములో మిథిలానగరపు ధర్మవ్యాధుడు మాంసము విక్రయించువాడు. కౌశికుడు ఆ అంగడి చూచి, నీకిది తగదనగా, వ్యాధుడు తన పని ఘోరమైనదని తానే ఒప్పుకొనెను. ఐనను కులవృత్తిని విడువలేదు. తాను స్వయముగా జంతువులను చంపడు, అసత్యమాడడు, శక్తికొలది దానము చేయును. పిమ్మట కౌశికుని ఇంటికి తోడ్కొనిపోయి వృద్ధులైన తల్లిదండ్రులను చూపి, నాకు దైవములు వీరేయనెను. వాని జీవితసారము అంగడిలో లేదు, ఆ ఇంటిలోపల ఉన్నది. అంగడి దానిని పోషించినది. ఐతే మోసము చేయక నిలువరాని కొలువు, శరీరమును గుల్ల చేయు కొలువు ఐనచో ఓర్చుకొనుమని నేను చెప్పను. వేరొక దారి వెదకుట కూడ పురుషప్రయత్నమే.

నన్ను కలవరపెట్టునది వేరొకటి. తల్లితో తీరికగా మాటలాడుట, సంధ్యావందనము, రామాయణ పారాయణము, అన్నియు "రిటైరైన తరువాత" అను మూటలో కట్టి అటకపై పెట్టుచున్నారు. నేనెరిగిన ఒక గుమస్తాగారు ముప్పదియేండ్లు ఆ మూట కట్టిరి. విరమించిన నెలలో పుస్తకము తెరచిన అక్షరము ఆనలేదు. పారాయణము విను అలవాటు లేని చెవికి మనుమడు చదివినను నిద్ర వచ్చెడిది. మనుస్మృతి వానప్రస్థమునకు వయస్సు అంకె చెప్పలేదు. చర్మము ముడుతలు పడుట, తల నెరయుట, మనుమని చూచుట, ఇవి గురుతులని చెప్పినది. ఆ వైపు నడక ఎంతో ముందే ఇంటిలోనే మొదలు కావలెను.

గత విశ్వావసు సంవత్సరమున, అనగా 1965–66లో పుట్టినవారికి 2025లో మరల విశ్వావసు వచ్చినది. పలువురు షష్టిపూర్తి చేసికొనిరి. ఆ శాంతిలో కూడ సంకల్పము ఆనాటి తిథితోనే ముగిసినది.

ఇప్పుడు ఇరువదియైదేండ్లున్నవారు కాశీకి పోదలచినచో ఈ ఏటి సెలవులలోనే టిక్కెట్టు తీసికొనుడు, అమ్మగారిని వెంట తీసికొనిపొండు. ఆ ఘట్టముల మెట్లు చాల ఎత్తు.