తుంటిమీద కొడితే పళ్ళు రాలకుండా

డెన్వర్‌లో చదువుకుంటున్న మా మనవరాలు మొన్న ఫోన్‌లో ఒక నిక్కరు చూపించింది. నల్లటి బిగుతు నిక్కరు. పిర్రల దగ్గరా, తుంటి దగ్గరా బొబ్బట్లు లోపల పెట్టి కుట్టినట్టు దళసరి మెత్తలు. "తాతయ్యా, ఇలాంటివి మూడు రకాలున్నాయి. ఏది కొనమంటావు?" అంది. డెబ్బై దాటిన నా జీవితంలో నిక్కరు ఎంపికకు నా సలహా అడిగిన మొదటి మనిషి అదే. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా?

వచ్చే శనివారం స్నేహితులతో కలిసి బ్రెకెన్‌రిడ్జ్ కొండ మీద స్నోబోర్డింగ్ నేర్చుకోబోతోందట. స్కీయింగ్‌లో రెండు కాళ్ళకూ రెండు పలకలుంటాయి. ఇందులో ఒకటే పలక, కాళ్ళు రెండూ దానికే బిగించేస్తారు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీలు కలిపి బిగించి ఇచ్చాడు. ఆ ఇంటి ఆటే ముదిరి 1998లో నాగానో ఒలింపిక్స్‌కి ఎక్కింది.

కాళ్ళు కట్టేసి ఉన్న మనిషి తూలితే అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకోలేడు, ఉన్నచోటే కూలబడతాడు. దానికి తోడు పలకకు రెండు అంచులు, కాలివేళ్ళ వైపు ఒకటి, మడమల వైపు ఒకటి. కొత్తవాళ్ళు కొండ వైపు ముఖం పెట్టి జారుతున్నప్పుడు మడమల అంచు పల్లం వైపు ఉంటుంది. అది కాస్త వాలి మంచులో గుచ్చుకుందో, పలక టక్కున ఆగుతుంది, మనిషి ఆగడు. జారుతున్న వేగంలో కొంత గిర్రున తిప్పే వేగంగా మారి వెల్లకిలా పల్లంలోకి విసిరికొడుతుంది. ముందు పిర్రలు, ఆ వెంటనే తల వెనక భాగం. నిక్కరు సంగతి తరవాత, హెల్మెట్ లేకుండా కొండెక్కితే మాత్రం మాట్లాడను అన్నాను. "అది అద్దెకు తీసుకున్నాలే తాతయ్యా" అంది.

"మరి అంత జోరుగా పోతూ పడితే ఈ రెండు వేళ్ళ మందం మెత్త ఏం కాపాడుతుంది?" అని దాని అనుమానం. మంచి అనుమానమే. కానీ వాలు వెంట పోయే వేగంలో చాలా భాగం పడ్డాక జారుతూ పోయి ఖర్చవుతుంది. దెబ్బ ముఖ్యంగా కిందికి పడే వేగానిది. మోకాళ్ళు వంచి నిలబడితే నడుం కింది భాగం మంచుకు ఓ 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుందనుకో. అంత ఎత్తు నుంచి పడితే నేల తాకేసరికి సెకనుకు 4 మీటర్ల వేగం, అంటే గంటకు 14 కిలోమీటర్లు. సైకిలు వేగమే. ప్రశ్నల్లా ఆ సైకిలు ఎంత దూరంలో ఆగుతుందన్నదే.

ఇక్కడో చిన్న లెక్కుంది. పడ్డ ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, ఒంటి బరువుకు సుమారు ఎన్ని రెట్ల దెబ్బ తగిలిందో తెలుస్తుంది. కొత్తగా కురిసిన మెత్తటి మంచులో 20 సెంటీమీటర్లు దిగబడ్డావా, నాలుగు రెట్లు. నవ్వుకుంటూ లేచిపోతావు. కానీ నేర్చుకునే వాలుల మీద మంచును రాత్రిళ్ళు యంత్రాలతో తొక్కి చదును చేస్తారు. పగలు కాస్త కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టిన రోజున అది సిమెంటు గచ్చే. అక్కడ దిగబడేది నీ కండ మాత్రమే, ఓ సెంటీమీటరు. అప్పుడు ఎనభై రెట్లు! మెత్త ఇంకొక్క సెంటీమీటరు అణిగితే అది నలభైకి దిగుతుంది. ఆ నిక్కరు అమ్మేది ఆ ఒక్క సెంటీమీటరే. క్రికెట్ బంతి పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కునేదీ అందుకే.

అందుకని కొట్లో వేలితో నొక్కి, దూదిలా ఉంది కదా అని మురిసిపోవద్దని చెప్పాను. వేలికే పూర్తిగా అణిగిపోయే మెత్త ఒంటి బరువు పడేసరికి కాగితమైపోతుంది. చెక్కలా అసలు అణగనిదీ పనికిరాదు. దెబ్బ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా కొంచెం కొంచెంగా లొంగుతూ, చివరికంటా అణిగిపోకుండా మిగలాలి.

ఇది సాధించడానికి ఇప్పుడో తమాషా పదార్థం వచ్చింది. మీ అమ్మమ్మకు తెలియకుండా వంటింట్లో రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌లో ఒక వంతు నీళ్ళు కలిపి చూడు. వేలు మెల్లగా పెడితే దిగుతుంది, గుద్దితే గట్టిపడుతుంది. నెమ్మదిగా కదిపితే పిండిరేణువులు పక్కకు తప్పుకుంటాయి, ఒక్కసారిగా తోస్తే దారిలేక ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుంటాయి. ఇలా గుద్దితే బిగిసే గుణమున్న పదార్థంతో రిచర్డ్ పామర్, ఫిలిప్ గ్రీన్ అనే ఇద్దరు 1999లో ఇంగ్లండులో ప్రయోగాలు చేశారు. దాన్నే డీత్రీఓ అంటున్నారు. 2006 శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా, కెనడా స్కీ ఆటగాళ్ళ దుస్తుల్లో వాడారు. నడిచేటప్పుడు మెత్తగా ఒంటిని అంటుకుని ఉంటుంది, దెబ్బ తగిలిన క్షణంలో బిగిసి ఆ బలాన్ని విశాలంగా పంచుతుంది. ధర మాత్రం మామూలు ఫోమ్ కంటే ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు కొండెక్కే పిల్లకు అదే కావాలని నేననను, దళసరి మామూలు ఫోమ్ చాలు.

కొన్ని మెత్తల మీద ఈఎన్ 1621-1 అని అచ్చు ఉంటుంది. అది మోటారు సైకిళ్ళవాళ్ళ కోసం యూరప్‌లో పెట్టిన ప్రమాణం. ఐదు కిలోల బరువును సుమారు మీటరు ఎత్తు నుంచి పడేసినట్టు మోది, అవతలి వైపుకు ఎంత బలం చేరిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవెల్ 1, 20 దాటకపోతే లెవెల్ 2. నువ్వు కూలబడితే శక్తి అంతకు ఎనిమిది రెట్లకు పైనే. కాబట్టి ఆ అచ్చు అభయహస్తమేమీ కాదు, రెండు మెత్తల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

అన్నిటికంటే నేను పట్టుబట్టింది తోక ఎముక దగ్గర. మన పూర్వుల తోక పోయాక వెన్ను చివర మిగిలిన మూడు నుంచి ఐదు చిన్న పూసలు. వాటి మీద కండ దాదాపు లేదు. నేను పదిహేనేళ్ళ కిందట పాచి పట్టిన బావి గట్టు మీద జారి సరిగ్గా దాని మీదే పడ్డాను. "తుంటిమీద కొడితే పళ్ళు రాలాయి" అన్న సామెత ఎగతాళికి పుట్టిందనుకునేవాణ్ణి. ఆ రోజు దెబ్బ వెన్ను మీదుగా పాకి దవడలు టకీమని కొట్టుకున్నాయి. మూడు నెలలు తిన్నగా కూర్చోలేదు. మా ఆవిడ పాత చీరను చుట్టి చుట్టకుదురు చేసి ఇచ్చింది, నీళ్ళ బిందె కింద నెత్తిన పెట్టుకుంటారే, అదే. మధ్యలో ఖాళీ కాబట్టి బరువంతా చుట్టూ కండ మీద పడుతుంది, ఎముక గాలిలో ఉంటుంది. మంచి నిక్కర్లలోనూ ఇదే కిటుకు. తోక ఎముక దగ్గర మెత్తకు నడుమ గాడి గానీ, చుట్టూ ఎత్తైన అంచు గానీ ఉంటుంది. మనవరాలు చూపించిన మూడింటిలో ఒకదానికే ఉంది.

"అయితే అదే తీసుకుంటా. సైజు?" అంది. ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులైతే పడే క్షణంలో మెత్త పక్కకు తప్పుకుంటుంది, ఎముక మిగులుతుంది. కొట్లోనే వేసుకుని, పైన మంచు ప్యాంటు కూడా తొడుక్కుని గొంతుకు కూర్చుని లేవమన్నాను. రాత్రంతా కారు డిక్కీలో వదిలేయొద్దన్నాను, చలికి కొన్ని ఫోమ్‌లు బిర్రబిగుస్తాయి. ఒంటి వేడిలో ఉంటేనే వాటికి ప్రాణం. బదులుగా అవీ ఒంటికి మేలు చేస్తాయి. ఫోమ్ నిండా చిక్కుకున్న గాలే కనక, పలక బిగించుకోవడానికి మంచు మీద చతికిలబడినప్పుడు చలి ఎక్కదు.

ఫోన్ పెట్టేయబోతుంటే గుర్తొచ్చింది. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులు ఆనిస్తారు, కొత్తవాళ్ళకు ఎక్కువగా విరిగేది మణికట్టే, దానికీ పట్టీలుంటాయి కొనమ్మా అన్నాను. "సరే సరే" అంది. ఆ రెండు సరేల అర్థం నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది, అక్కడ శనివారం రాత్రి. "కూర్చుని మాట్లాడుతున్నావా, నిలబడా?" అని అడిగాను.

"హాయిగా కూర్చునే తాతయ్యా! ఇరవైసార్లు పడ్డాను, ఏమీ కాలేదు. కానీ ఫోన్ స్పీకర్లో పెట్టాను. కుడిచెయ్యి ఎత్తలేకపోతున్నా."