రెయిడ్ శ్రేణిపై ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన: సమాచార భద్రత, ప్రారంభ భద్రత

పలు చవక డిస్కులను ఒకే నిల్వగా కూర్చే పద్ధతులను వర్గీకరించి, వాటికి రెయిడ్ అని పేరు పెట్టినవారు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ క్యాట్జ్. వారి పత్రం 1988లో వెలువడింది. రెయిడ్ 1లో ఒకే సమాచారం రెండు డిస్కుల్లోనూ ఉంటుంది. రెయిడ్ 5కు కనీసం 3 డిస్కులు కావాలి; 4 టెరాబైట్ల డిస్కులు నాలుగింటిని కూర్చితే 12 టెరాబైట్లు వాడుకకు దక్కుతాయి.

శ్రేణిని ప్రత్యేక కంట్రోలరు కార్డు నడిపితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది ఒకే డిస్కుగా కనిపిస్తుంది. అందువల్ల స్థాపనకు ముందే కార్డు మెనూలో శ్రేణిని ఏర్పరచాలి. ఇన్‌స్టాలరుకు ఆ కార్డు డ్రైవరు అందుబాటులో ఉండాలి.

లినక్స్ తానే శ్రేణిని నడిపే సాఫ్ట్‌వేర్ పద్ధతిలో చిక్కు వేరు. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేరుకు ఆ శ్రేణి తెలియదు. అది ఫ్యాట్ ఫైల్ వ్యవస్థలోని ఈఎఫ్ఐ విభాగం నుండే బూట్ లోడరును చదువుతుంది. రెయిడ్ 1లో ఆ విభాగం మొదటి డిస్కులో మాత్రమే ఉంటే, ఆ డిస్కు చెడినప్పుడు రెండవదానిలో సమాచారం భద్రంగా ఉన్నా సర్వరు ప్రారంభం కాదు. కనుక రెండు డిస్కుల్లోనూ ఈఎఫ్ఐ విభాగాన్ని, బూట్ లోడరును ఉంచాలి. సమాచారం ఎక్కించక ముందే ఒక డిస్కును తీసి పరీక్షించాలి. శ్రేణి తిరిగి సమకూడిన తరువాతే రెండవదాన్ని తీయాలి.

ఇంత చేసినా రెయిడ్ బ్యాకప్ కాజాలదు. పొరపాటున తొలగించిన ఫైలు అన్ని డిస్కుల నుండీ ఒకేసారి పోతుంది. తాళపత్రాల ప్రతిబింబాలను, పరిశోధన దత్తాంశాన్ని దాచే కళాశాల సర్వరుకు మరొకచోట వేరుగా నకలు ఉండి తీరాలి.