ఈ పూట నొప్పి ఎన్నణాలు?

వంటింట్లో చెయ్యి కాల్చుకోని ఇల్లాలు ఉంటుందా? పోపు పెడుతుంటే నూనె చింది ముంజేతి మీద పడుతుంది. ఉఫ్ మని ఊదుకుని, ఆ చేత్తోనే అన్నం వార్చి, అందరికీ వడ్డించేస్తాం. రాత్రి పడుకునేటప్పుడు చూసుకుంటే బొబ్బ! "ఎంత ఓర్పమ్మా నీకు" అంటే లోపల మురిసిపోతాం కూడా. నేనూ అలా మురిసిపోయినదాన్నే. ఆ ఓర్పుని మెచ్చుకుని మా అత్తగారిని నేనెంత కష్టపెట్టానో తర్వాతగానీ నాకు తెలియలేదు.

మాది ముక్తేశ్వరం. మా అత్తగారికి ముందెప్పుడో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. తగ్గిపోయిందనే అనుకున్నాం. 2018 వేసవిలో నడుం నొప్పి మొదలైంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి నడుం నొప్పి రాకుండా ఉంటుందా అని మేమూ అనుకున్నాం, ఆవిడా అనుకున్నారు. ఊళ్ళో డాక్టరుగారు వచ్చి వారానికి రెండు మూడు ఇంజెక్షన్లు చేసేవాడు. అవి చేసిన పూట బాగుండేది. ఆగస్టులో ఒక తెల్లవారుజామున పెరట్లో కాలు కాస్త మడత పడింది. గట్టిగా పడను కూడా లేదు, గోడ పట్టుకుని కూలబడ్డారంతే. తుంటి ఎముక విరిగిపోయింది. క్యాన్సర్ ఎముకల్లోకి పాకి వాటిని లోపల్నించి గుల్ల చేసిందని అప్పుడు తెలిసింది. ఇలాంటివాళ్ళకి ఎముక విరగడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదట.

అమలాపురంలో ఎక్స్‌రే తీసి, కాకినాడ తీసుకెళ్ళమన్నారు. ఎదుర్లంక వంతెన మీదుగా అయితే చుట్టు. గోదారి వరద తగ్గి పంటు మళ్ళీ తిరుగుతోంది కదా అని కోటిపల్లి రేవు దారినే వ్యాన్‌లో బయల్దేరాం. ఆ దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రేవులోకి దిగేచోట వ్యాను ఒక్కసారి ఊగింది. పంటు ఎక్కుతుంటే ఇంకోసారి. పంటు ఇంజను దడదడ వ్యాను బల్ల మీద నుంచి నా అరచేతికి తెలుస్తోంది, విరిగిన ఎముకకి తెలియకుండా ఉంటుందా? అత్తగారు పమిట కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఒక్క కేక వెయ్యలేదు. పంటు మీద సైకిలు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన లోపలికి తొంగిచూసి, "ఎంత ఓర్పండీ, భూదేవి" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగినా, గర్వంగా కూడా అనిపించింది. అవతలి ఒడ్డుకి చేరాక చూస్తే ఆ కొంగుకి చిల్లు పడి ఉంది.

ఆసుపత్రిలోనూ అదే తంతు. "నొప్పి ఉందా మామ్మా?" అని అడిగితే, "ఫరవాలేదు బాబూ" అనేవారు. ఫరవాలేదన్న మనిషికి మందెవరిస్తారు? అరిచేవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళేవారు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదా. నేను పక్కనే ఉండి, "మా అత్తగారు చాలా ఓర్చుకుంటారండీ" అని చెప్పేదాన్ని. ఆవిడ నోరు ఆవిడ మూసుకుంటే, పైన నేనింకో తాళం వేశానన్నమాట.

రాడ్డు వేసి పంపించారు. తుంటి కుదుటపడింది గానీ వెన్నులో నొప్పి పోలేదు. పగలు నలుగురూ వస్తుంటే నవ్వుతూ మాట్లాడేవారు. రాత్రి రెండింటికి దిండులో మొహం పెట్టి ఒక సన్నని శబ్దం. పిల్లిపిల్ల అనుకుని ఒకరోజు పెరట్లోకి వెళ్ళి వెతికాను కూడా. మావారు పక్క గదిలో పడుకుని వింటూ, "అమ్మ కదలట్లేదు, నిద్రపట్టినట్టుంది" అనేవారు. నొప్పి ఉన్నవాళ్ళు దొర్లుతారనుకుంటాం. ఎముకల నొప్పి ఉన్నవాళ్ళు కదిలితే ప్రాణం పోతుందని కట్టెలా పడుంటారు. ఈ సంగతి తెలియక ఎంతమంది ఇళ్ళల్లో "హాయిగా పడుకున్నారు" అనుకుంటున్నారో!

కీమో ఇక వద్దన్నారు. వెన్నుకి ఒక్కసారి కరెంటు (రేడియేషన్) పెడితే ఎముక నొప్పి తగ్గుతుందని విశాఖపట్నం పంపారు. అక్కడ నొప్పికోసం విడిగా ఒక గది ఉంది. నాకు అదే ఆశ్చర్యం. కంటికీ పంటికీ ఉన్నట్టు నొప్పికీ ఒక డాక్టరా! అక్కడి నర్సమ్మ మా అత్తగారి పక్కన కూచుని, "సున్నా అంటే అసలు లేదు, పది అంటే భరించలేను. ఇప్పుడెంత?" అని అడిగింది. అత్తగారు నా మొహం చూశారు. ఆవిడకి ఈ మార్కుల గొడవ అర్థం కాలేదు. నాకెందుకు తోచిందో, "అత్తయ్యా, రూపాయికి ఎన్నణాలుంది?" అన్నాను. నయాపైసలు 1957లో వచ్చాయి, అప్పటికి ఆవిడకి పదమూడేళ్ళు. అణాల లెక్క నోటికి ఉంది. ఒక్క క్షణం ఆలోచించి, "పధ్నాలుగణాలమ్మాయ్" అన్నారు.

రూపాయికి పధ్నాలుగణాలు! ఆ మొహంతో, ఆ నవ్వుతో! నర్సమ్మ రాసుకుంది. నేను మాత్రం బయటికొచ్చి వరండాలో నిలబడిపోయాను. పంటు మీద ఎన్నణాలుండి ఉంటుంది?

అక్కడే మొదటిసారి మార్ఫిన్ బిళ్ళలు రాశారు. ఇంటికొచ్చాక గొడవ మొదలైంది. మావారు, "అది మత్తుమందు కదే, అలవాటైపోతే?" అన్నారు. పక్కింటి పిన్నిగారు గొంతు తగ్గించి, "అది ఇచ్చారంటే ఇక రోజులు లెక్కేనటమ్మా" అన్నారు. నాకూ భయమే. మళ్ళీ ఫోను చేసి డాక్టరమ్మగారిని అడిగి అడిగి విసిగించాను. ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి.

నాకు అర్థమైనంతవరకూ చెబుతాను. నిజంగా నొప్పి ఉన్న మనిషికి, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వేస్తే మార్ఫిన్ వ్యసనంగా మారడం చాలా అరుదు. ఒంటికి అలవాటు పడుతుంది కాబట్టి ఉన్నట్టుండి ఆపకూడదు, అంతే. రోజులు దగ్గరపడ్డవాళ్ళకే అన్నదీ నిజం కాదు. నెలల తరబడి వేసుకుంటూ ఇంట్లో తిరిగేవాళ్ళున్నారు. నొప్పి వచ్చాక వేసేది కాదు, నొప్పి రాకముందే గడియారం చూసి నాలుగు గంటలకోసారి వేసేది. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కాస్త వికారం. తర్వాత సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనానికి మందు కూడా మొదలుపెట్టాలి. ఇది మర్చిపోయి మేం నాలుగు రోజులు నానా అవస్థ పడ్డాం. చక్కెరకేళి పండ్లు, లేత కొబ్బరినీళ్ళు మంచివే గానీ, వాటితోనే సరిపెట్టేద్దామంటే కుదరదు. ఇంకోమాట, ఈ బిళ్ళలు తాళం వేసి పెట్టుకోవాలి, మిగిలితే ఇచ్చినచోటే తిరిగి అప్పగించాలి. ఇంకొకరి నొప్పికి అరువివ్వడం ప్రమాదం.

అన్నట్టు, మనం భయపడాల్సినదానికి భయపడం. ఆ వేసవంతా ఊళ్ళో చేయించిన ఇంజెక్షన్ డైక్లోఫెనాక్. పెద్దవాళ్ళకి అది మాటిమాటికీ చేయిస్తే కడుపులో పుండ్లు పడతాయట, కిడ్నీలు దెబ్బతింటాయట. దాన్ని మాత్రం "నొప్పి సూది" అని ఎంచక్కా చేయించేశాం!

మార్ఫిన్ నల్లమందులోంచి వచ్చేదే. గసగసాల మొక్క పచ్చికాయకి గాటు పెడితే కారే పాలే నల్లమందు. మన మసాలాలోకి నూరే గసగసాలు ఆ కాయలోని గింజలే, వాటికి భయం లేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో ఈ పంట పండిస్తారు, విదేశాలకి కూడా పంపిస్తారు. మరి మన మందుల షాపులో అడిగితే, "మార్ఫినా?" అని మనల్ని దొంగని చూసినట్టు ఎందుకు చూస్తారు? 1985లో మత్తుమందుల చట్టం వచ్చింది. దొంగరవాణా ఆపడం మంచిదే. కానీ ఆసుపత్రివాళ్ళు నాలుగు బిళ్ళలు తెచ్చుకోవాలన్నా రకరకాల లైసెన్సులు, అవన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. పొరపాటు జరిగితే జైలు. దాంతో చాలాచోట్ల ఉంచడమే మానేశారు. ఆ మరుసటేడే, 1986లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి నిచ్చెనమెట్ల పద్ధతి చెప్పింది. కింది మెట్టు పారాసిటమాల్ లాంటివి, పై మెట్టు మార్ఫిన్. మనదగ్గర పై మెట్టు విరగ్గొట్టి కూచున్నామన్నమాట. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు, ఆయన తోటివాళ్ళు 1993లో కాలికట్‌లో నొప్పి ఉపశమనానికి ఒక సంఘం పెట్టి, ఇళ్ళకి వెళ్ళి మరీ మందులిచ్చారు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే 2014లో పార్లమెంటు చట్టం సవరించింది. ఇప్పుడు గుర్తింపు ఉన్న ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఒక్కటి చాలు. హైదరాబాద్ ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి పేరున్న విభాగం ఉంది. అయినా ఇప్పటికీ చాలా ఊళ్ళల్లో అడిగేవాళ్ళు లేక ఉంచరు, ఉండదని ఎవరూ అడగరు.

2014 అనగానే మన కోనసీమవాళ్ళకి చట్టం కాదు, నగరం గుర్తొస్తుంది. జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు దగ్గర నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు, పొయ్యి దగ్గరున్నవాళ్ళు మంటల్లో చిక్కుకున్నారు. ఇరవైమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయి నిలబడ్డ ఫొటోలు అందరం చూశాం. పోయినవాళ్ళ లెక్క పేపర్లలో వచ్చింది, నష్టపరిహారం లెక్క వచ్చింది. బతికినవాళ్ళ నొప్పి లెక్క ఎక్కడ వస్తుంది? కాలిన ఒంటికి రోజూ పాత కట్టు విప్పి కొత్త కట్టు కడతారు. కాలిన క్షణం కన్నా ఆ కట్టు విప్పే గంట ఎక్కువ భయపెడుతుందంటారు. పైపైన కాలిన చోట నరాల కొసలు బయటపడి గాలి తగిలినా భగ్గుమంటుంది. అందుకే కట్టు విప్పడానికి ముందుగానే నొప్పి మందు ఇవ్వాలి, అది పనిచెయ్యడం మొదలెట్టాక విప్పాలి. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి అవస్థ వస్తే, "కట్టుకి ముందు మందిచ్చారా సిస్టర్?" అని అడగండి. మన వంటింటి కాలుళ్ళకైతే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి. ఇడ్లీపిండి, పేస్టు, సిరా వద్దు.

మా ఇంటికి పలకరింపుకొచ్చిన ఒకావిడ, "మయూరి సినిమా చూళ్ళేదా? కాలు పోయినా నాట్యం చేసింది, మనసుంటే నొప్పేం చేస్తుంది" అన్నారు. సుధాచంద్రన్ 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ నాట్యం చేసింది. 1985లో మన తెలుగు సినిమాలో తన కథలో తనే నటించింది. నాకూ ఎంతో ఇష్టం. కానీ మంచం మీదున్న మనిషి ముందు ఆ మాట అంటే ఏమవుతుంది? నొప్పి అంటే నా మనసు గట్టిది కాదేమో అనుకుంటారు. ఆవిడ వెళ్ళాక అత్తగారు మూడు గంటలు మాట్లాడలేదు.

నేను అణాలు రాయడం మొదలుపెట్టాను. విడిగా పుస్తకం ఎందుకని, పాల లెక్క రాసే నోటుబుక్కులోనే కుడిపక్క. ఉదయం ఎన్ని, మధ్యాహ్నం ఎన్ని, రాత్రి ఎన్ని. పదిహేను రోజులకి నాకే కొన్ని తెలిశాయి. పక్క మార్చేటప్పుడు దుప్పటితో సహా ఇద్దరం కలిపి తిప్పితే రెండణాలు తక్కువ. మోకాళ్ళ మధ్య పాత చీర మడతపెట్టి పెడితే ఇంకో అణా. స్నానానికి అరగంట ముందు బిళ్ళ పడాలి. వీటన్నిటికన్నా విచిత్రం, మావారు వరండాలో ఆసుపత్రి అప్పు గురించి మాట్లాడిన రోజుల్లో సాయంత్రానికి పన్నెండణాలు. మా అమ్మాయి పక్కన కూచుని సీరియల్ కథ చెప్పిన రోజుల్లో ఐదణాలు. బిళ్ళలు రెండు రోజులూ ఒకటే! నేను పొంగిపోయి డాక్టరమ్మగారికి చెబితే ఆవిడ నవ్వి, లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ 1967లో ఆసుపత్రి పెట్టకముందే ఇది కనిపెట్టిందన్నారు. ఆవిడ ముందు నర్సు, తర్వాత డాక్టరయింది. ఒంట్లో నొప్పి, మనసులో దిగులు, ఇంటి బరువు, దేవుడి మీద అలక, అన్నీ కలిసి ఒకే నొప్పి అని చెప్పిందట. అప్పటినుంచి అప్పుల మాటలు రేవు దగ్గరే మాట్లాడుకుని ఇంటికొచ్చేవాళ్ళం.

అణాలు తగ్గలేదని రాసిన రోజున ఫోను చేస్తే మోతాదు పెంచేవారు. కొన్ని రాత్రులు పదహారణాలూ వచ్చాయి, అబద్ధం చెప్పను. కానీ అత్తగారు ఇక దిండులో మొహం పెట్టలేదు. "అమ్మాయ్, పదమూడు" అని పిలిచేవారు. అర్ధరాత్రి ఆ పిలుపు వినపడితే నిద్ర చెడినా, ఏదో నమ్మకంగా ఉండేది.

2019 సంక్రాంతికి పిల్లలందరూ వచ్చారు. మాఘమాసంలో ఆవిడ పోయారు. ఆ నోటుబుక్కు ఇంకా బీరువాలో ఉంది. కనుమ మర్నాటి పేజీలో ఎడంపక్క లీటరున్నర పాలు అని ఉంటుంది. కుడిపక్క ఉదయం మూడణాలు, రాత్రి రెండణాలు. ఆ రోజు పొట్టిక్కలు తినాలని ఉందన్నారు. పనసాకులు కోయించి, బుట్టలు కుట్టి, పిండి పోసి ఆవిరికి పెట్టాను. ఒకటిన్నర తిన్నారు. చట్నీలో ఉప్పు తక్కువైందన్నారు.